సినిమా కంపెనీ పహాణీ

హనుమకొండ

బిడ్డా,

నువ్వు అమెరికా సినిమా కంపెనీ వార్నర్ బ్రదర్స్ మీద రాసి పంపిన ఇరవై రెండు పేజీలు రెండుసార్లు చదివిన. మొదటిసారి ఎనిమిదో పేజీ కాడ ఆగిపోయిన. "1927 అక్టోబర్ 6. న్యూయార్క్‌లో జోరున వాన. ఆ ఒక్క రాత్రితో మూగ సినిమా చచ్చిపోయింది" అని రాసినవు. ఆ వాన సంగతి నీకు ఎవరు చెప్పిండ్రు? ఆనాటి పేపరు చూసినవా? చూడకపోతే తీసెయ్యి. ఈ మధ్య ఏ వ్యాసం తీసినా వానతోనో, వణికే చేతులతోనో మొదలవుతున్నది. చదివేటోడు వానను నమ్మిండంటే, దాని ఎనుకనే వచ్చే తేదీని గూడ అట్లనే నమ్ముతడు. అందుకే నాకు కోపం.

ఇగ "ఒక్క రాత్రి" అన్న మాట. ఆ రోజు విడుదలైన వార్నర్ల 'జాజ్ సింగర్'లో పాటలు పక్కన పెడితే మాటలు రెండు నిమిషాలకు అటూ ఇటూ ఉంటయి. మిగతాదంతా తెర మీద అక్షరాలే. దానికి ఏడాది ముందు, 1926 ఆగస్టు 6న, ఇదే కంపెనీ 'డాన్ జువాన్' విడుదల చేసింది. అందులో సంగీతం ఉన్నది, కత్తుల చప్పుడు ఉన్నది, మాట లేదు. మొదటినుంచి చివరిదాకా మాట్లాడిన సినిమా 1928 జులైలో వచ్చిన 'లైట్స్ ఆఫ్ న్యూయార్క్', నిడివి గంట గూడ లేదు. అంటే ఈ మార్పుకు రెండేండ్లు పట్టింది. ఎందుకు పట్టిందన్నది నువ్వు రాయలే. దానికి జవాబు ఆపరేటర్ క్యాబిన్‌లో ఉన్నది.

వైటాఫోన్ అన్న పేరు నీ పేజీల్లో ఒక్కసారే వచ్చింది, అది గూడ "అధునాతన పరికరం" అని. ఆ పరికరం ఎట్ల నడిచిందో చెప్పకుంటే కంపెనీ ఎట్ల పెరిగిందో ఎవరికి అర్థమైతది? బొమ్మ రీలు మీద, శబ్దం గ్రామఫోన్ రికార్డు మీద. 16 అంగుళాల రికార్డు, నిమిషానికి 33⅓ చుట్లు. ముల్లు నడుమ నుంచి అంచుకు పోతది, ఇంట్ల గ్రామఫోన్‌కు ఉల్టా. వెయ్యి అడుగుల రీలు నిమిషానికి 90 అడుగుల లెక్కన 11 నిమిషాలు ఆడుతది, రికార్డు గూడ అంతసేపే. ఒక రీలుకు ఒక రికార్డు. ప్రొజెక్టరు, రికార్డు తిరిగే పళ్లెం రెండూ ఒకే మోటరుతో నడుస్తయి. ఆపరేటరు "స్టార్ట్" అని రాసిన ఫ్రేమును ప్రొజెక్టరు గేట్ల, అంటే వెలుగు పడే కిటికీ కాడ, పెట్టాలె, రికార్డు మీద బాణం గుర్తు కాడ ముల్లు ఆనించాలె, ఆ తర్వాతే మోటరు వెయ్యాలె. ఆడించినప్పుడల్లా కొత్త ముల్లు. రికార్డు లేబులు మీద చిన్న గళ్లు ఉంటయి, ఒక్కో ఆటకు ఒక్కో గడి కొట్టేయాలె. ఇరవై ఆటలైతే ఆ రికార్డు అరిగినట్టే, కొత్తది పెట్టాలె.

ఇగ చెడిపోయే తీరు చూడు. రీలు తెగుతది. తెగిన కాడ పాడైన ఫ్రేములు కత్తిరించి అతుకుతరు. మూగ సినిమాలో ఆ అతుకు ఎవరికీ తెల్వదు. ఇక్కడ సెకనుకు 24 ఫ్రేములు. పన్నెండు పోయినయంటే అర సెకను పోయింది. ఆ అతుకు దాటినప్పటి నుంచి రీలు అయిపోయేదాక పెదవులు ముందు, మాట ఎనుక. అందుకే ఎన్ని ఫ్రేములు కత్తిరించిండ్రో లెక్కపెట్టి అన్ని నల్ల ఫ్రేములు మధ్యల కలిపేటోళ్లు. ముల్లు గెంతినా అంతే, మళ్ళ రీలు మారేదాక దిక్కు లేదు. రికార్డుల పెట్టె వేరు, రీళ్ల పెట్టె వేరు. మూడో రీలుకు నాలుగో రికార్డు పెడితే ఒకరి నోట్ల ఇంకొకరి మాట వస్తది. రికార్డు రైలు ప్రయాణంలో పగిలితే ఆ పదకొండు నిమిషాలు మూగ సినిమానే.

నువ్వు పదిహేనో పేజీలో మీ తాత గురించి రాసిన ఆరు వాక్యాలున్నయి చూడు, కాజీపేట స్టేషన్‌లో దిగిన సినిమా డబ్బాలను రిక్షా మీద టాకీసుకు చేర్చేటప్పుడు డబ్బా మీద నంబర్లు చేతితోటి తడిమి చూసుకునేటోడని. అవి బాగున్నయి. వాటిని అక్కడ ముచ్చట లెక్క వదిలెయ్యకు. తెచ్చి ఈ రికార్డుల పెట్టె పక్కన పెట్టు. నంబరు తప్పితే ఏమైతదో మీ తాతకు తెలుసు, అది ఎరిగినోడి చేతులే అట్ల తడుముతయి.

రీలు అంచునే శబ్దం ముద్రించే పద్ధతి ఫాక్స్ కంపెనీ పట్టుకొచ్చింది. తెగినా అతికినా బొమ్మ, మాట కలిసే పోతయి. 1930, 31 నాటికి వార్నర్లు గూడ రికార్డు వదిలేసిండ్రు. 1931 మార్చి 14న వచ్చిన మన 'ఆలం ఆరా' శబ్దం రీలు మీదనే ఉన్నది. మనదేశం మాట్లాడే సినిమా మొదలుపెట్టేసరికి రికార్డుల కాలం అయిపోయింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తేదీ గూడ నువ్వు పాతదే రాసినవు. 1931 సెప్టెంబర్ 15 అని ఏండ్ల తరబడి ఒకరిని చూసి ఒకరు రాసుకున్నరు. సెన్సారు సర్టిఫికెట్ 1932 జనవరిదని బయటపడ్డాక విడుదల 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. సెన్సారు తేదీ, ఆనాటి పేపరు ప్రకటన, ఈ రెండూ చూడకుండ విడుదల తేదీ రాయకు.

వార్నర్ అన్నదమ్ములల్ల ఒకడైన శామ్ సావుకు రెండు పేజీలు పెట్టినవు. ఒక్క వాక్యం చాలు: 'జాజ్ సింగర్' అక్టోబర్ 6న విడుదల, శామ్ 5న లాస్ ఏంజిలిస్‌లో పోయిండు, అన్నదమ్ములు ఎవరూ ఆ ఆట చూడలే. ఇంతకంటే ఎక్కువ రాస్తే ఆ దుఃఖం పలచబడుతది.

ఇగ నేను అసలు చెప్పదలుచుకున్నది. మీది పరకాల దిక్కు అంటివి. ఇంట్ల పహాణీ, అంటే భూమి లెక్క కాగితం, నకలు చూసే ఉంటవు. సర్వే నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, ఏ సంవత్సరం. 1954-55 ఖాస్రా పహాణీలో ఏమున్నదో తెల్వకుండ మన దగ్గర భూమి తగాద ఏదీ తెగదు. సినిమా కంపెనీ చరిత్ర గూడ అట్లనే రాయాలె. అన్నదమ్ముల బొమ్మలు, తారల పేర్లు, స్టూడియో గేటు, ఇవి ఇంటి గోడలసొంటియి. భూమి అంటే డబ్బాలు, అంటే నెగెటివ్, దాని మీది హక్కు. ఏ సంవత్సరం ఎవరి పేరు మీద ఉన్నదో చూడు, కంపెనీ ఎప్పుడు బతికింది, ఎప్పుడు బక్కపడ్డది, అంతా తేలుతది.

ఒక్క సినిమా తీసుకో. 'కాసాబ్లాంకా' అని పైన రాయి, అది సర్వే నంబరు అనుకో. 1942: పట్టాదారు వార్నర్ బ్రదర్స్. 1956: అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ ప్రొడక్షన్స్. 1950కి ముందటి వార్నర్ సినిమాలు దాదాపు అన్నీ 2 కోట్ల 10 లక్షల డాలర్లకు దానికి పోయినయి. 1958: ఆ కంపెనీతో పాటు యునైటెడ్ ఆర్టిస్ట్స్ చేతికి. 1981: యునైటెడ్ ఆర్టిస్ట్స్‌ను ఎంజీఎం కొన్నది. 1986: టీవీ చానెళ్ల యజమాని టెడ్ టర్నర్ ఎంజీఎంను కొని, అప్పులు మొయ్యలేక కొన్ని నెలల్లనే స్టూడియో, పేరు తిరిగి అమ్ముకొని డబ్బాలు మాత్రం ఉంచుకున్నడు. 1996: టర్నర్ కంపెనీ, అప్పటికి వార్నర్ బ్రదర్స్ ఉన్న టైమ్ వార్నర్‌లో కలిసింది. నలభై ఏండ్లకు భూమి ఇంటికొచ్చింది. ఇదంతా నువ్వు "తర్వాత కొన్ని సినిమాల హక్కులు అమ్మారు" అని ఒక్క ముక్కతో దాటేసినవు.

ఎందుకు అమ్మిండ్రో గూడ రాయాలె. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో సినిమా తీసే కంపెనీలు టాకీసులు వదులుకోవాల్సి వచ్చింది. వార్నర్ టాకీసులు 1953లో వేరుపడ్డయి. అదే సమయంలో జనం ఇంట్ల టీవీ ముందట కూసున్నరు. పాత సినిమాకు మళ్ళ టాకీసులో ఆట పడదు, పైసలు రావు అనుకున్నరు. కొన్నోళ్లు వాటినే టీవీ స్టేషన్లకు కిరాయికిచ్చిండ్రు. వార్నర్లు అమ్మిన రెండేండ్లకే, 1958లో, ఇంకో స్టూడియో పారమౌంట్ తన పాత సినిమాలను ఎంసీఏ అనే కంపెనీకి 5 కోట్ల డాలర్లకు అమ్మింది. ఈ రెండు ధరలు పక్కపక్కన పెట్టు. వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 1956లోనే అన్నదమ్ములు ముగ్గురూ కలిసి వాటాలు అమ్ముకుందమని ఒప్పుకొని, తీరా అమ్మినాక జాక్ తన వాటా మళ్ళ కొని ప్రెసిడెంట్ అయి కూసున్నడు. ఈ తగాదకు నువ్వు నాలుగు పేజీలిచ్చినవు, డబ్బాలకు ఒక ముక్క. తారుమారు చెయ్యి.

టీవీ దిక్కు వాళ్లు 1955లోనే వచ్చిండ్రు, ఏబీసీ టీవీకి 'వార్నర్ బ్రదర్స్ ప్రెజెంట్స్' చేసిండ్రు. వంతులవారీగా మూడు సీరియళ్లు, ప్రతి గంట చివర తమ కొత్త సినిమాల ప్రచారం. మూడింట్ల 'షయాన్' ఒక్కటే నిలబడ్డది. 1960లో రచయితలు సమ్మె చేస్తే పాత స్క్రిప్టులనే పేర్లు, ఊర్లు మార్చి వేరే సీరియల్‌లో మళ్ళ తీసి, రచయిత పేరు కాడ "డబ్ల్యూ. హెర్మానోస్" అని వేసిండ్రు. హెర్మానోస్ అంటే స్పానిష్‌లో అన్నదమ్ములు. రాసినోడి పేరు తీసి కంపెనీ పేరు పెట్టిన చోటు ఇది. నువ్వు రచయితవు కావాలనుకుంటున్నవు, ఇది నీ వ్యాసంలో లేకపోవుడు నాకు బాధైంది.

ఇగ కంపెనీని కొన్నోళ్లు, దానితో కలిసినోళ్లు: 1967లో సెవెన్ ఆర్ట్స్, 1969లో కిన్నీ, 1990లో టైమ్, 2001లో ఏఓఎల్, 2018లో ఏటీ అండ్ టీ, 2022లో డిస్కవరీ. ఇవి నాలుగు లైన్లలో కానియ్యి. బోర్డు మీద పేరు మారిన ప్రతిసారి కొత్త అధ్యాయం వద్దు.

అంకెలు ఎక్కువైనయేమో అని అడిగినవు. ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసంలో అంకెలన్ని కొట్టేసి "మన పాఠకులకు లెక్కలు ఎక్కవు" అన్నడు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు తరుగు ఎన్ని గ్రాములు, తేమ ఎంత శాతం అని లెక్క అడుగుతడు. ఆయన పాఠకుడు కాదా? అంకెను కొట్టెయ్యనీకు. కాకపోతే దాని పక్కన పని ఉండాలె. 33⅓ అని రాస్తే, ఆ వేగం వల్లనే రికార్డు రీలంతసేపు ఆడిందని రాయాలె.

పహాణీ కాగితం ముందు గీసి పంపు. ఐదు గడులు: సంవత్సరం, పట్టాదారు, అనుభవదారు, ఎట్ల వచ్చింది, ఎంతకు. అనుభవదారు గడిలో ఆ ఏడాది టాకీసులకో టీవీకో కిరాయికి ఇచ్చినోళ్ల పేరు. ఎంతకు అన్నది దొరకకపోతే ఆ గడి ఖాళీగ ఉంచు, ఉజ్జాయింపు రాయకు. ఇంకో మూడు సినిమాలకు గూడ ఇట్లనే గీసినాక వ్యాసం మొదలుపెట్టు.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం చూసే
పెద్దనాయిన

తా.క.: తొమ్మిదో పేజీలో రికార్డు 16 సెంటీమీటర్లు అని పడ్డది. 16 అంగుళాలు, అంటే 40 సెంటీమీటర్లు దాటుతది. మీ తాత మోసిన డబ్బా అడుగుభాగం ఎంత వెడల్పో ఇంట్ల అడిగి రాయి.