కంప్యూటర్ సందేహాలు: ఒక్క 386, ముగ్గురు గుమాస్తాలు

ప్రశ్న: నమస్కారం సార్. మా నాన్నగారు చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు చూసేవారు. మొన్న ఇల్లు మారుతూ అటక మీద సామాన్లు దించితే మూడు ఫ్లాపీ డబ్బాలు దొరికాయి. వాటి మీద కాంకరెంట్ డాస్ 386, పీసీ-మాస్/386, డీఆర్ డాస్ 6.0 అని రాసుంది. డాస్ అంటే పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్, ఒకసారికి ఒకే పని అని మేం చదువుకున్నాం. ఈ మూడూ ఒకేసారి చాలా పనులు చేస్తాయని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? ఇప్పుడు నడిపి చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి?
(పాఠకుడు, చిత్తూరు)

జవాబు: డీఆర్ డాస్‌ను ముందే పక్కన పెట్టేయండి. అది మిగతా రెండింటి జట్టులోది కాదు. 1991లో వచ్చిన ఆ 6.0లో టాస్క్‌మాక్స్ అని ఒకటుంది. ఉత్తరం టైపు చేస్తూ మధ్యలో లెక్కల ప్రోగ్రామ్‌లోకి వెళ్లొచ్చు. కానీ మీరు అటు వెళ్లగానే ఉత్తరం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మళ్లీ వచ్చి లేపితేనే లేస్తుంది. అదే ఏడాది వచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్-డాస్ 5లోని డాస్‌షెల్ కూడా ఇంతే. పని మార్చుకోవడం వేరు, పనులు కలిసి నడవడం వేరు. క్వార్టర్‌డెక్ వాళ్ల డెస్క్‌వ్యూలో పనులు కలిసే నడిచేవి, అయితే కూర్చునేది మాత్రం ఒక్కరే.

మిగతా రెండూ అసలైన బహుయూజర్ సరుకు, అంటే ఒకే మెషీన్‌ను పలువురు ఒకేసారి వాడుకోవచ్చు. కాంకరెంట్ డాస్ డిజిటల్ రీసెర్చ్ వాళ్లది. దాని తాత ఎంపీ/ఎం అనే బహుయూజర్ సిస్టమ్, 1979 నాటిది. అప్పటికి ఎంఎస్-డాస్ ఇంకా పుట్టనే లేదు. అంటే పదిమందికి వడ్డించడం వాళ్లకు ముందే వచ్చు, డాస్ ప్రోగ్రామ్‌లను నడపడం తర్వాత నేర్చుకున్నారు. పీసీ-మాస్/386 కథ ఇంకోలా ఉంటుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ది సాఫ్ట్‌వేర్ లింక్ అనే కంపెనీ 1987లో దాన్ని తెచ్చింది. డాస్ వాడినవాడు కూర్చుంటే చెయ్యి తడబడేది కాదు. ఒకరికి, ఐదుగురికి, ఇరవై ఐదుగురికి అని మూడు రకాలుగా అమ్మేవాళ్లు.

ఈ పని సాఫీగా జరగడానికి కారణం ఎక్కువగా 386 చిప్పే. డాస్ ప్రోగ్రామ్‌లకు మర్యాద తెలియదు. మెషీనంతా తనదే అనుకుని నేరుగా తెర మెమరీలో రాసేస్తాయి. 1985లో వచ్చిన 386లో వర్చువల్ 8086 అనే పద్ధతి ఉంది. ఒక్కో ప్రోగ్రామ్‌కూ నీకు విడిగా ఒక 8086 (పాత పీసీల చిప్పు) ఉందని నమ్మిస్తుంది. తెర మీద రాశాననుకున్నది ఇంకో చోటికి మళ్లుతుంది, ప్రోగ్రామ్‌కు తెలియనే తెలియదు.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. డాస్ ప్రోగ్రామ్ మీరు మీట నొక్కేదాకా ఊరికే కూర్చోదు. "నొక్కారా, నొక్కారా" అని ప్రాసెసర్‌కు తీరిక ఇవ్వకుండా అడుగుతూనే ఉంటుంది. గుమాస్తా టీకి వెళ్లినా అతని టెర్మినల్ (మెషీన్‌కు వైరుతో కలిపిన తెర, కీబోర్డు) మిగతావాళ్ల సమయం తినేస్తుంది. ఇలాంటి దాన్ని పసిగట్టి వెనక్కి నెట్టగలిగితేనే బహుయూజర్ డాస్ బాగున్నట్టు. ఒకేసారి ఎన్ని పనులు చేస్తుందనే లెక్క కంటే నాకు ఇదే ముఖ్యం.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. 1990లో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పీసీ-మాస్ పెట్టాను. 4 ఎంబీ మెమరీ ఉన్న 386 ఒకటి, దానికి సీరియల్ వైర్లతో రెండు టెర్మినల్స్. ఆడ్‌టాస్క్ అనే కమాండుతో ఒక్కో టెర్మినల్‌కు ఇంత మెమరీ అని పంచాను. కాటా దగ్గర ఒకరు, చెల్లింపుల దగ్గర ఒకరు, మెషీన్ ముందు ఒకరు. మూడు మెషీన్ల డబ్బు ఒక్కదానితో తేలిపోయిందని యజమాని నాకు తోతాపురి కాయలు బుట్టెడు పంపించాడు.

సీజన్ ఊపందుకున్నాక ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా వచ్చింది. కాటా చీటీలు రెండు టెర్మినళ్లలో కొట్టమన్నారు. సాయంత్రానికి బంగారుపాళెం రైతు చేతిలో 418, పూతలపట్టు రైతు చేతిలోనూ 418! ఒకాయన డబ్బు ఇంకొకాయన పేరున పడింది. తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు, నేను రాసిన ప్రోగ్రామ్‌ది. మొదలవగానే ఆఖరి చీటీ నంబరు చదివి మెమరీలో పెట్టుకుని, అక్కడినుంచి ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయేది. ఒకడే వాడితే బాగానే ఉంటుంది. ఇద్దరు వాడితే ఇద్దరికీ 417 తర్వాత 418 కదా! ఆ రాత్రి ఫ్యాక్టరీలోనే కూర్చుని మార్చాను. చీటీ భద్రపరిచే క్షణంలోనే నంబరు ఫైలుకు తాళం వేసి, నంబరు తీసుకుని, పెంచి రాసి, తాళం తియ్యాలి. మొత్తం పది వరుసలు కూడా లేవు. బుట్టెడు కాయలు తిన్న సిగ్గు మాత్రం చాలాకాలం ఉంది.

ఇక మీ ఫ్లాపీలు. ముందు పొర మీద బూజు ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే డ్రైవులో పెట్టొద్దు, డ్రైవు హెడ్డు కూడా పాడవుతుంది. బాగుంటే, 5.25 అంగుళాల ఫ్లాపీలైతే రాత నిరోధించే గంటుకు పట్టీ అంటించి, ఇమేజ్ (ఫ్లాపీ మొత్తానికి ఫైలు రూపంలో నకలు) తీయించండి. తర్వాత 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో) నడపండి. పీసీ-మాస్‌తోనే మొదలుపెట్టండి. దాని సోర్స్ కోడ్‌ను 2017లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద బయటపెట్టారు కాబట్టి, మీ ఫ్లాపీ చచ్చిపోయినా దారి ఉంది. రెండో టెర్మినల్ సరదా చూడాలంటే ఎమ్యులేటర్ సీరియల్ పోర్టును ఇంకో టెర్మినల్ ప్రోగ్రామ్‌కు కలపండి.

ప్రశ్న: 2024లో మైక్రోసాఫ్ట్ ఎంఎస్-డాస్ 4.00 సోర్స్ కోడ్ ఇచ్చింది. పలు పనులు చేసే డాస్ అదేనా? ఫ్రీడాస్‌లో ఆ సౌకర్యం ఉందా?
(ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: రెండింటికీ కాదనే జవాబు. ఆ 4.00 అనేది 1988లో అందరికీ అమ్మిన మామూలు డాస్. పలు పనుల 4.0 అంతకుముందుది, యూరప్‌లో కొద్దిమంది తయారీదారులకే చేరింది. అంకె ఒకటే కావడంతో ఈ తికమక. ఉచితంగా దొరికే ఫ్రీడాస్ కూడా ఒకసారికి ఒకే పని చేస్తుంది. మీకు నాలుగు డాస్‌లు కావాలంటే డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌ను నాలుగు కిటికీల్లో తెరవండి. చీటీ నంబర్లు మాత్రం నాలుగింటిలోనూ ఒకే ఫైలు నుంచి తీయించకండమ్మా!