నాలుగో పేజీలోని ఆ వాక్యం

అమ్మాయీ,

పెరూలోని టిటికాకా సరస్సు మీద నువ్వు రాసిన వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా, రెండోసారి పెన్సిల్ చేతిలో పట్టుకుని. సరస్సు ఒడ్డున ఉన్న పునో ఊరి రేవులో పడవ ఇంజన్ మొరాయిస్తే పక్క పడవలోని కుర్రాడు తాడు విసిరిన ఘట్టం చాలా బాగా రాశావు. తాడు తడిసి బరువెక్కి నీళ్ళలో పడటం, వాడు దాన్ని మళ్ళీ చుట్టుకోవడం నా కళ్ళకి కట్టింది. నీకు చూపు ఉంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఆ సరస్సులో తుంగతో కట్టిన తేలే దీవుల గురించి నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. ‘ఊరోస్ దీవులు టూరిస్టుల కోసం వేసిన సెట్టింగు, అక్కడ అసలు బతుకు లేదు.’ నా పెన్సిల్ అక్కడ ఆగిపోయింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఇంచుమించు ఇదే రాసుకున్నాను. పొద్దున్నే పడవెక్కి అరగంటలో దీవి మీద దిగాం. రంగురంగుల లంగాలు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా నిలబడి ‘కమిసరాకి’ అంటూ అయిమారా భాషలో పలకరించారు. ‘వలికి’ అని జవాబివ్వమని గైడ్ నేర్పాడు. ఒకాయన బొమ్మ దీవి ఒకటి ముందు పెట్టుకుని దాన్ని ఎలా కడతారో చెప్పాడు. తర్వాత గుడ్డలు పరిచారు, బేరాలయ్యాయి, పాట పాడారు, మళ్ళీ పడవెక్కాం. అంతా కలిపి గంట. నాకు చిరాకేసింది, ఆ చిరాకునే రాసి పత్రికకి పంపాను. ఆ వ్యాసం అచ్చయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ చిరాకులో సగం ఊరోస్ వల్ల వచ్చింది కాదు, నా తలనొప్పి వల్ల వచ్చింది. సముద్రమట్టం దగ్గరున్న లీమా నుంచి నేరుగా విమానంలో పునో దగ్గరి జూలియాకాలో దిగాను. అంటే ఒకే పూటలో దాదాపు 3,800 మీటర్లు పైకి. టికెట్లు తీసిపెట్టిన ఏజెంటు ‘ఏం ఫరవాలేదు’ అన్నాడు, నేను నమ్మాను. ఆ రాత్రి నిద్ర లేదు, తిన్నది ఇమడలేదు. మెట్టు ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంది. మర్నాడు ఆ తలతోనే ఒక జాతి బతుకు మీద తీర్పు రాశాను.

కాబట్టి వచ్చే జూన్‌లో మళ్ళీ వెళ్తున్నావు కనుక మొదట చెప్పాల్సింది ఇదే. నీ ఒంటిని కుదుటపడనివ్వకుండా నోట్‌బుక్ తెరవకు. అరెకీపాలో రెండు మూడు రోజులు ఉండు. అది 2,300 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి బస్సులో పునో చేరు. లేదా 3,400 మీటర్ల దగ్గరున్న కుస్కోలో కొన్నాళ్ళు తిరిగి తర్వాత రా. సరస్సు 3,812 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కో శ్వాసకి నీకు దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదాంట్లో 60, 65 శాతం మధ్య ఉంటుంది. వెళ్ళేముందు డాక్టర్‌ని కలిసి మాత్రల సంగతి అడుగు. పునోలో మొదటి రోజు బ్యాగు రూములో పడేసి నెమ్మదిగా రేవు దాకా నడిచి రా, అంతే. తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ ఉంటే, అడుగు తడబడుతుంటే, పట్టుదలకి పోకు. కిందికి దిగిపో. కోకా ఆకు టీ అక్కడ అందరూ ఇస్తారు, తాగు. ఆకులు మాత్రం బ్యాగులో వేసుకుని దేశం దాటకు, చాలా దేశాల్లో అది నేరం.

ఇదంతా ఆరోగ్యం కోసమే చెప్పటం లేదు. ‘గాలి చాలక ఆయాసపడ్డాను’ అని నువ్వు మూడుచోట్ల రాశావు. మూడుసార్లూ నాకు ఆయాసం అందలేదు. అమంతాని దీవిలో రేవు నుంచి ఇంటికి ఎక్కేటప్పుడు నీ ముందు నడిచిన ఆ ఇంటావిడ ఏం చేస్తోంది? నాకు ఆతిథ్యమిచ్చినావిడ వీపున మూట కట్టుకుని, చేతిలో కదురు తిప్పుతూ, దారం వడుకుతూ కొండ ఎక్కింది. నేను ఇరవై అడుగులకోసారి రాతి గోడకి ఆనుకున్నాను. ఆవిడ ప్రతిసారీ ఆగింది, కదురు మాత్రం ఆపలేదు. నేను తేరుకునేలోపు మూరెడు దారం తయారయ్యేది. అలాంటిదొకటి రాస్తే చాలు, ఆయాసం అనే మాట అక్కర్లేదు. వంటింట్లో బంగాళాదుంపలు ఎంతకీ ఉడకకపోవడం కూడా ఆ గాలి సంగతే. అక్కడ నీళ్ళు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

ఇక ఊరోస్.

రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడ ఒక రాత్రి ఉన్నాను. సాయంత్రం నాలుగయ్యేసరికి టూరు పడవలన్నీ పునో వైపు మళ్ళాయి. ఇంటావిడ మెరుపుల లంగా మార్చుకోలేదు, అదే లంగాతో పొయ్యి ముందు కూర్చుంది. అది నా మొదటి దెబ్బ. మాకోసం వేసుకున్న వేషం అనుకున్న బట్ట ఆవిడ బట్టే. కింద అంతా ఎండు తుంగ కాబట్టి పొయ్యిని రాతి పలక మీద పెట్టుకుంటారు. పక్కన బకెట్లో నీళ్ళు ఎప్పుడూ సిద్ధం.

తెల్లారి చలిలో ఆవిడా ఆయనా తుంగ కోతకి వెళ్తుంటే నేనూ పడవలో కూర్చున్నాను. తొతోరా అంటారు ఆ తుంగని. పొడవాటి కర్ర చివర కత్తి కట్టి, నీళ్ళలోకి దించి, మొదలు దగ్గర కోస్తారు. కోసిన కట్టలు పడవ నిండా పేర్చుకుని వచ్చి, దీవి మీద నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస పరిచారు. మోకాలు ఆనించి అడుగు పొరని ఒక చోట విప్పి చూపించాడాయన. పైన పచ్చగా ఉన్నది రెండు జానల కిందకి పోయేసరికి గోధుమరంగు, ఆ కింద నల్లగా, తడిగా, పేడలా మెత్తగా ఉంది. వాసన కూడా వచ్చింది. అంతకంటే కింద తుంగ వేర్లూ మట్టీ కలిసిన దిమ్మలుంటాయి, ఖిలి అంటారు. కుళ్ళే వేర్లలో పుట్టిన వాయువు వల్ల అవి తేలతాయి. వాటిని రంపంతో కోసి, ఒకదానికొకటి తాళ్ళతో కట్టి, గాలికి కొట్టుకుపోకుండా లంగరు వేస్తారు. కింద కుళ్ళుతూనే ఉంటుంది, పైన పరుస్తూనే ఉండాలి. కొన్ని వారాలు చెయ్యి ఆగితే కాలు దిగబడుతుంది.

ఆయన చేతులు చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పగిలి, ఆ పగుళ్ళలోకి తుంగ పసరు దిగి ఆకుపచ్చ గీతలు పడ్డాయి. అవే చేతులతో మధ్యాహ్నం బొమ్మ దీవి పట్టుకుని, దిగిన ప్రతి గుంపుకీ అదే వివరం చెప్పాడు. పొద్దున తుంగ కోసినవాడూ మధ్యాహ్నం బొమ్మ పట్టుకున్నవాడూ ఒక్కడే. రెండూ పనే. రెండో పని డబ్బు లేకపోతే పడవకి డీజిల్ లేదు, పిల్లల పునో చదువు లేదు. నువ్వు రెండో పని చూసి మొదటిది లేదన్నావు.

ఆ పనిలో నచ్చనివి ఉంటే అవీ రాయి, దాచమనను. ఊరోస్ జనం సొంత భాష పోయి అయిమారా మిగిలిందని రాయి. పునో ఒడ్డున మురుగు కలిసి, నీటి మీద పచ్చటి నాచులా పాకిన మొక్క గురించి రాయి, ఆ వాసన రాయి. నీ వ్యాసంలో నీళ్ళు మొదటి నుంచి చివరిదాకా నీలమణిలా ఉన్నాయి. రేవు దగ్గర అలా లేవని నీ ఫొటోలే చెప్తున్నాయి.

తకీలే దీవి మీద రాసిన పేజీలు నీ వ్యాసంలో అన్నిటికంటే బలంగా ఉన్నాయి. నడుస్తూ అల్లుకుంటున్న ఆ ముసలాయన్ని వదలకుండా పట్టుకున్నావు. అక్కడ అల్లిక మగవాళ్ళది, నేత ఆడవాళ్ళది. టోపీ చూసి పెళ్ళయినవాడో కానివాడో చెప్పేస్తారు. పూర్తిగా ఎర్రగా ఉంటే పెళ్ళయినట్టు, పై సగం తెల్లగా ఉంటే కానట్టు. ఈ బట్టల కళని యునెస్కో 2005లో గుర్తించిందని ఒక్క ముక్కలో చెప్పి వదిలెయ్, నువ్వు అరపేజీ ఇచ్చావు. దాని బదులు ఆయన దారాన్ని మెడ చుట్టూ ఎందుకు తిప్పుకున్నాడో చెప్పు. బిగువు సమంగా రావడానికి. కుట్టు ఎంత బిగువంటే, మంచి టోపీలో నీళ్ళు పోస్తే కారకూడదని అక్కడివాళ్ళు చెప్తారు. పెళ్ళికొడుకుకి కాబోయే మామగారు పెట్టే పరీక్ష అదేనట.

‘ప్రపంచంలోనే అతి ఎత్తున నౌకలు తిరిగే సరస్సు’ అని మొదలుపెట్టావు. తీసెయ్. అంతకంటే ఎత్తున చిన్నాచితకా పడవలు తిరిగే నీళ్ళు ఉన్నాయి. పెద్ద నౌకల మాటైతే సరే, కానీ అప్పుడైనా ఆ నౌక అక్కడికి ఎలా చేరిందో చెప్పాలి. యావరి అనే ఆవిరి నౌకని ఇంగ్లండ్‌లో కట్టి, ముక్కలుగా విప్పి, 1862లో ఓడకెక్కించారు. తీరంలో దించాక కంచరగాడిదల మీద ఆండీస్ కొండలు ఎక్కించి పునో చేర్చారు. మళ్ళీ బిగించి నీళ్ళలోకి దించేసరికి 1870 వచ్చింది. బొగ్గు దొరక్క, లామా అనే అక్కడి బరువు మోసే జంతువు ఎండు పేడతో నడిపారు. ఇది చదివినవాడికి ఆ సరస్సు ఎంత ఎత్తున ఉందో ఎప్పటికీ గుర్తుంటుంది.

ఈసారి బొలీవియా వైపు కూడా వెళ్తానన్నావు, మంచిది. సరిహద్దు దాటగానే గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి. ఒకే సరస్సుకి రెండు కాలాలు, చేతిలో పెరూ డబ్బు సోల్ పోయి బొలీవియా డబ్బు బొలివియానో. అక్కడి ఒడ్డున ఉన్న కోపకబానా ఊరి నుంచి ఇస్లా డెల్ సోల్‌కి, అంటే సూర్యద్వీపానికి, పడవలుంటాయి. ఇన్‌కా రాజవంశానికి మూలపురుషులైన మాంకో కపాక్, మామా ఓక్లో అక్కడ పుట్టారని ఐతిహ్యం. ఆ దీవిలోని యుమానీ ఊరి మెట్లు ఎక్కుతూ వెనక్కి తిరిగితే నీళ్ళకవతల మంచు కొండల వరస. దాన్ని నువ్వెలాగూ బాగా రాస్తావు. నేను అడిగేది ఇంకొకటి. 2017లో ఆ దీవిలో ఉత్తరాన ఉన్న చల్లపంప ఊరికీ మధ్యలో ఉన్న చల్ల ఊరికీ గొడవ వచ్చి, ఉత్తర భాగానికి దారి కొన్నేళ్ళు మూతపడింది. పుణ్యస్థలం పక్కన కట్టిన ఒక కట్టడంతో మొదలైంది, అడుగున ఉన్నది టూరిస్టుల డబ్బు ఎవరికి చేరాలన్న తగాదా. మనం ఇచ్చే డబ్బు ఆ దీవుల్లో ఇల్లు కడుతుంది, ఊళ్ళనీ విడగొడుతుంది. పడవ దిగిన ప్రతివాడూ అందులో ఒక చెయ్యి. నువ్వూ నేనూ కూడా.

అందుకే అమంతానిలో నాకు ఆ వంతుల పద్ధతి నచ్చింది. రేవులో గుంపు దిగగానే ఊరి పెద్ద ఒకరు ఈ ఇద్దరు ఆ ఇంటికి, ఆ ముగ్గురు ఈ ఇంటికి అని పంచుతారు, అతిథి ఇంటింటికీ వంతు ప్రకారం వస్తాడు. ఎవరింటికి పంపితే వాళ్ళింటికి వెళ్ళు, ఎంచుకోకు. బియ్యమో నూనెనో పంచదారో తీసుకెళ్ళు, పిల్లలకి చాక్లెట్లు వద్దు. చిల్లర సోల్‌లు దగ్గర ఉంచుకో. జూన్ రాత్రి గడ్డకట్టే చలి, బరువైన దుప్పట్లు నాలుగైనా కప్పుతారు. పడుకునేముందు మున్యా ఆకు టీ ఇస్తారు, పుదీనాకి దగ్గర చుట్టంలా ఉంటుంది. పొద్దుగూకే వేళకి పచతాతా కొండ ఎక్కు, 4,100 మీటర్ల పైమాటే. పైన గుడి తలుపు ఏడాదికోసారి జనవరిలోనే తెరుస్తారు. మూసిన తలుపు బయట నిలబడి ఏం కనిపిస్తే అది రాయి, లోపల ఏముందో ఊహించకు.

రాసే పద్ధతి గురించి ఒక్కటే. అక్కడ ఉన్నంతకాలం అభిప్రాయాలు రాయకు. ఎవరి చెయ్యి ఏం చేస్తోంది, ఏది ఎంత బరువు, ఏ వాసన, ఎవరు ఎవరితో ఏమన్నారు, ఇవి రాసుకో. అభిప్రాయం ఇంటికొచ్చి రెండు వారాలయ్యాక రాయి. అప్పటికి సగం రాలిపోతాయి.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. ఆ వాక్యాన్ని నేను కొట్టెయ్యలేదు, చుట్టూ గీత గీశానంతే. కొట్టెయ్యాలో వద్దో ఆ దీవి మీద ఒక రాత్రి ఉండి వచ్చాక నువ్వే తేల్చుకో.

ఇంకొకటి. ఊరోస్‌లో దిగినవాళ్ళకి తుంగ మొదలు ఒలిచి, లోపలి తెల్లటి దవ్వ తినమని ఇస్తారు. నీకూ ఇచ్చి ఉంటారు, వ్యాసంలో ఎక్కడా లేదు. తిన్నావా? తింటే ఎలా ఉందో ఉత్తరంలో రాయి. నాకు నీళ్ళలా, చప్పగా, కొంచెం పీచుగా అనిపించింది. నీకెలా అనిపించిందో తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
మీ అక్కయ్య