మూలకణం ఏ కణంగా మారాలో తేల్చే ప్రధాన జన్యువు ఒకటి ఉందా?

మూలకణం (స్టెమ్ సెల్) ఎర్ర రక్తకణంగా మారాలా, తెల్ల రక్తకణంగా మారాలా అన్నది ఏదో ఒక ప్రధాన జన్యువు నిర్ణయిస్తుందా అని అడిగారు. లేదు అనే నా సమాధానం. రక్త మూలకణాలతో కొన్నేళ్లు ప్రయోగశాలలో పనిచేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. ఒకదాన్నొకటి ప్రేరేపించుకుంటూ, అణచుకుంటూ ఉండే జన్యువుల సంబంధాల వల, వాటి ప్రోటీన్ల మోతాదులు, ఆ కణం అప్పటిదాకా నడిచివచ్చిన దారి, ఇవన్నీ కలిసి ఆ నిర్ణయాన్ని రూపొందిస్తాయి.

బొడ్డుతాడు రక్తం నుంచి మూలకణాలు ఎక్కువగా ఉండే భాగాన్ని వేరుచేసి, మిథైల్ సెల్యులోజ్ కలిపిన చిక్కటి మాధ్యమంలో పలచగా చల్లి ఇంక్యుబేటర్‌లో ఉంచేవాళ్లం. మాధ్యమం చిక్కగా ఉంటుంది కాబట్టి కణాలు దూరంగా చెదిరిపోలేవు. ఒక్కో కణం విభజన చెందుతూ ఉన్నచోటే ఒక కాలనీ కడుతుంది. సుమారు 14 రోజులకు ఆ పెట్రీ డిష్‌ను సూక్ష్మదర్శిని కింద పెట్టి మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఏ రంగూ అద్దకుండానే కొన్ని కాలనీలు హిమోగ్లోబిన్ నిండి ఎర్రగా కనిపించాయి. వాటి పక్కనే మాక్రోఫేజ్‌లు, గ్రాన్యులోసైట్‌లు అనే తెల్ల కణాల కాలనీలు రంగు లేకుండా, అంచులు విచ్చుకుని ఉన్నాయి. అరుదుగా ఒకే కాలనీలో ఎర్ర కణాలూ తెల్ల కణాలూ కలిసి ఉన్నాయి. అదే ఆహారం, అదే వేడి, ఎర్ర కణాలను పెంచే అదే ఎరిత్రోపోయిటిన్ హార్మోను అందుకున్న ఒకే కణం సంతానం రెండు దారులు పట్టిందన్నమాట. ఎరిత్రోపోయిటిన్ లేకపోతే ఎర్ర కాలనీలు పెరగవన్నది నిజమే. అయినా బయటి హార్మోను ఆజ్ఞాపిస్తే కణం పాటిస్తుందనే వివరణ ఒక్కటే ఆ మిశ్రమ కాలనీ ముందు నిలవదు.

లోపల జరిగేదాన్ని పాఠ్యపుస్తకాలు గాటా1, పీయూ.1 అనే రెండు ప్రోటీన్ల బొమ్మతో చూపిస్తాయి. మొదటిది ఎర్ర కణాల వైపు, రెండవది తెల్ల కణాల వైపు నడిపిస్తుంది. ప్రతిదీ తన జన్యువును తానే ప్రోత్సహించుకుంటూ రెండవదాని పనిని అడ్డుకుంటుంది. బొమ్మ తప్పు కాదు గాని, అందులో మోతాదూ కాలమూ కనిపించవు. విద్యార్థులు దాన్ని బట్టీపట్టి, జన్యువు అంటే ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న స్విచ్ అనుకుని బయటికి వస్తున్నారని నా బాధ. 1995లో శాస్త్రవేత్త థామస్ గ్రాఫ్ బృందం కోడి తెల్ల రక్తకణ జాతి కణాల్లో గాటా1ను బలవంతంగా పనిచేయించినప్పుడు, మోతాదు మధ్యస్థంగా ఉన్నచోట ఇయోసినోఫిల్‌లు అనే తెల్ల కణాలు, ఎక్కువగా ఉన్నచోట ఎర్ర కణాల పూర్వకణాలు, రక్తం గడ్డకట్టించే థ్రాంబోసైట్‌ల పూర్వకణాలు వచ్చాయి. జన్యువు మారలేదు, మోతాదు మారింది, ఫలితం మారింది. ఆ తర్వాత 2016లో టిమ్ ష్రోడర్ బృందం ఈ రెండు ప్రోటీన్లకూ మెరిసే గుర్తులు తగిలించి, ఎలుక మూలకణాలను తరాల తరబడి వీడియో తీసింది. ఆ రెండింటి యాదృచ్ఛిక పోటీతో నిర్ణయం మొదలవడం లేదని, అప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని అవి బలపరుస్తున్నాయని తేల్చింది. ప్రధాన జన్యువును వెతికేవారు ఈ ఒక్క ఫలితం దగ్గర ఆగి ఆలోచించాలి.

జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006లో నాలుగు జన్యువులతో చర్మకణాన్ని మూలకణ స్థితికి తెచ్చారు కదా అని మీరు అనవచ్చు. తెచ్చారు, కాని ఆ నాలుగూ అందుకున్న కణాల్లో మారినవి నూటికి ఒకటి కూడా లేవు. అవే అధికారులైతే మిగిలిన కణాలు ఎందుకు లొంగలేదు? తమ పాత వల అల్లికను అవి వదులుకోలేదు గనుక. మూలకణాల ఇంజెక్షన్ ఇస్తే మోకాలికి వెళ్లినది మృదులాస్థి, మెదడుకు వెళ్లినది నాడీకణం అవుతుందని ప్రకటనలు వేసే క్లినిక్‌లను నేను సహించలేకపోవడానికీ కారణం ఇదే. ఎక్కడికి చేరితే అక్కడి కణంగా మారిపోయే గుణం మూలకణానికి లేదు.

ఈ వలను అర్థం చేసుకుంటే వచ్చే లాభం, హిమోగ్లోబిన్ లోపంతో వచ్చే వంశపారంపర్య రక్త వ్యాధులైన తలసీమియా, సికిల్ సెల్ చికిత్సలో కనిపిస్తుంది. గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్‌ను పుట్టాక అణచేది బీసీఎల్11ఏ ప్రోటీన్. దాని జన్యువును పూర్తిగా తొలగిస్తే బీ లింఫోసైట్‌లు అనే తెల్ల కణాలు దెబ్బతింటాయి. అందుకని శాస్త్రవేత్తలు జన్యువును వదిలేసి, ఎర్ర కణాల్లో మాత్రమే దాన్ని మేల్కొలిపే చోట గాటా1 అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కను, జన్యువులను కత్తిరించే క్రిస్పర్ అనే సాధనంతో చెరిపారు. మూలకణంలో చేసిన ఆ మార్పు ఎర్ర కణాల్లో మాత్రమే ఫలిస్తుంది. శిశు హిమోగ్లోబిన్ తిరిగి వచ్చి ఆ లోపాన్ని పూడుస్తుంది. ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆదిలాబాద్ గూడేల్లోనూ విశాఖ మన్యంలోనూ సికిల్ సెల్‌తో పెరుగుతున్న పిల్లలకు ఆ ధర ఏనాటికీ అందదు కాబట్టి, వలలోని ఆ ఒక్క లంకెనే మాత్రతో బలహీనపరిచే మందు కోసం మన ప్రయోగశాలలు పనిచేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.