నికర లాభం చెబితే సగం జవాబే

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఎంబీఏ ఫైనాన్స్ చివరి ఏడాది చదువుతోంది. క్రెడిట్ అనలిస్ట్ (అప్పు అడిగే కంపెనీ తీర్చగలదో లేదో లెక్కలు చూసి చెప్పే ఉద్యోగి) ఇంటర్వ్యూలో ‘నోపాట్ ఎలా తీస్తారు?’ అంటే నికర లాభం చెప్పి వచ్చిందట. ఏం సాధన చేయించాలి? – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: నికర లాభంలో బ్యాంకు వడ్డీ పోయి ఉంటుంది, ఎఫ్‌డీల రాబడి కలిసి ఉంటుంది. అప్పు సంగతి పక్కనపెట్టి, అసలు వ్యాపారం పన్ను పోను ఎంత మిగిల్చిందో చెప్పేది నోపాట్ (నెట్ ఆపరేటింగ్ ప్రాఫిట్ ఆఫ్టర్ టాక్స్).

మీ వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి ఊహించుకోమనండి. అమ్మకాలు 80 కోట్లు. కాయలు, డబ్బాలు, జీతాలు, కరెంటు, తరుగుదల అన్నీ 68 కోట్లు. నిర్వహణ లాభం 12 కోట్లు. ఇతర ఆదాయం 1 కోటి, వడ్డీ 5 కోట్లు ఉన్నా ఈ లెక్కలోకి రావు. 2019లో వచ్చిన 22 శాతం పన్ను పద్ధతిలో ఉన్న కంపెనీకి సర్‌ఛార్జి, సెస్‌లతో 25.168 శాతం పడుతుంది. 12 కోట్లపై పన్ను 3.02 పోతే నోపాట్ 8.98 కోట్లు. నికర లాభం మాత్రం 12కి 1 కలిపి, 5 తీసి, మిగిలిన 8 కోట్లపై పన్ను పోను 5.99 కోట్లే.

ఎక్కువమంది పన్ను దగ్గరే పొరబడతారు. ఈ కంపెనీ పద్దులో కనిపించే పన్ను 2.01 కోట్లు. దాన్నే 12లోంచి తీసేస్తే 9.99 వస్తుంది. వడ్డీ పుణ్యాన తగ్గిన పన్నును ఫ్యాక్టరీ గొప్పగా లెక్కేసినట్టు!

తర్వాతి ప్రశ్న ఆర్‌ఓఐసీ (పెట్టిన పెట్టుబడిపై రాబడి శాతం) మీదే ఉంటుంది: నోపాట్‌ను పెట్టుబడితో భాగించడం. వాటాదారుల నిధి, అప్పులు కలిపి, నగదు, ఎఫ్‌డీలు తీసేస్తే ఆ పెట్టుబడి వస్తుంది. తోతాపురి గుజ్జు జూన్, జూలైల్లో తీసి ఏడాది పొడుగునా అమ్ముతారు. మార్చి 31కి గోదాము చాలావరకు ఖాళీ, సీజన్ అప్పూ తీరి ఉంటుంది. ఆ రోజు పెట్టుబడి 60 కోట్లనుకుంటే 15 శాతం వస్తుంది. ఏడాది సగటు 75 కోట్లయితే 12 శాతమే. ఈ మాట ఇంటర్వ్యూలో చెప్పగలిగితే బట్టీ పట్టలేదని అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

సాధనకు తిరుపతి కంపెనీయే అయిన అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ వార్షిక నివేదికలు చాలు, ఉచితంగానే దొరుకుతాయి. అయిదేళ్లవి ఎక్సెల్‌లో వేయమనండి. స్టాండలోన్ (ఆ కంపెనీ ఒక్కదానివి) అంకెలు ఒక ఏడాదివి, కన్సాలిడేటెడ్‌వి (అనుబంధ కంపెనీలనూ కలిపినవి) మరో ఏడాదివి కలపొద్దు. ‘అసాధారణ అంశాలు’ అన్న వరుస కనిపిస్తే దాని నోట్ చదివాకే ఉంచాలో తీయాలో తేల్చుకోవాలి.