టెక్ సందేహాలు: మూత మీది డయల్ 300 అంటోంది, యాప్ 240 అంటోంది... ఏది నిజం?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. ఈమధ్యే 13 అంగుళాల జాలీ ఉన్న చిన్న సెరామిక్ బొగ్గుల గ్రిల్, దానికి తోడు వైరు లేని బ్లూటూత్ థర్మామీటర్ కొన్నాను. ఆఫీసు మిత్రులను పిలిచి బీఫ్ టెండర్‌లాయిన్ రోస్ట్ చేశాను. యాప్ మొదట 55 నిమిషాలు పడుతుందంది, కాసేపటికి 80 అంది. సరేనని ఇంట్లోకెళ్లి వచ్చేసరికి మాంసం మధ్యలో వేడి 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోయింది. ముక్క ఎండిపోయింది. పైగా మూత మీది డయల్ 300 చూపిస్తుంటే యాప్‌లో గ్రిల్ వేడి 240 అని ఉంది. థర్మామీటర్ పాడైందా? పైన ఎర్రగా కాల్చేటప్పుడు దాన్ని మాంసంలోనే ఉంచొచ్చా?

జవాబు: మీ థర్మామీటర్ పాడవలేదు. ఆ రెండు అంకెలూ నిజమే. కొలిచిన చోట్లే వేరు.

మూత మీది డయల్ వెనక రెండు రకాల లోహాలను అతికి చుట్టిన స్ప్రింగ్ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. ఆ తేడాకే ముల్లు తిరుగుతుంది. అది ఉండేది గోపురం పైభాగంలో. మాంసానికి నేరుగా మంట తగలకుండా కింద సెరామిక్ పలక పెట్టారనుకుంటున్నాను. సెగ ఆ పలక అంచుల మీదుగా గోడల వెంట పైకెక్కి ముందు గోపురాన్ని వేడెక్కిస్తుంది. జాలీ దగ్గర అంత వేడి ఉండదు, ముఖ్యంగా గ్రిల్ వెలిగించిన తొలి గంటలో. ఇక మీ వైర్‌లెస్ థర్మామీటర్‌లో గాలి వేడిని కొలిచే సెన్సర్ దాని పిడి చివర, మాంసానికి ఒకటి రెండు అంగుళాల దూరంలోనే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్క, దాని మీంచి ఆవిరయ్యే తడి చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. అందుకే ఒకటి ఎక్కువ చెప్పింది, ఒకటి తక్కువ చెప్పింది. జాలీ దగ్గర అసలు వేడి ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉండి ఉంటుంది.

మాంసం ఉడికిందో లేదో తేల్చేది మాత్రం ఈ రెండూ కావు. ముక్క నడిమధ్యలో ఉన్న వేడి ఒక్కటే దాన్ని తేలుస్తుంది. యాప్ చెప్పే సమయాన్ని అసలు పట్టించుకోకండి. అది కొలత కాదు, అంచనా. లోపలి వేడి ఇప్పటిదాకా ఏ వేగంతో పెరిగిందో చూసి, ఇకముందూ దాదాపు అలాగే పెరుగుతుందని లెక్క కడుతుంది. మొదట్లో చల్లదనం మధ్యలోంచి పోవడానికే సమయం పడుతుంది కాబట్టి 55 నిమిషాలు 80 అయింది. ఆ తర్వాత గ్రిల్ గోడలు పూర్తిగా వేడెక్కి ఊపందుకుంది. ఆ 80 పట్టుకుని మీరు లోపలికెళ్లారు. సమయం మీద కాకుండా వేడి మీద అలారం పెట్టి ఉంటే ముక్క దక్కేది.

టెండర్‌లాయిన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇది పశువు వెన్నెముక లోపలి వైపున ఉండే కండ. నడకలో, నిలబడడంలో దానికి పెద్దగా పని పడదు. అందుకే అంత మెత్తగా ఉంటుంది, అంత ధరా పలుకుతుంది. కానీ కొవ్వు తక్కువ, కండను పట్టి ఉంచే పీచూ తక్కువ. బ్రిస్కెట్ (పశువు రొమ్ము భాగం) లాంటి ముక్క పది డిగ్రీలు దాటినా దానిలోని కొవ్వు, కరిగిన కొలాజెన్ (ఆ పీచులోని ప్రొటీన్) ఆదుకుంటాయి. టెండర్‌లాయిన్‌కు ఆ ఆసరా లేదు. 130 నుంచి 135 ఫారెన్‌హీట్ మధ్య, అంటే 54 నుంచి 57 సెల్సియస్ దగ్గర, గులాబీ రంగులో రసంతో ఉంటుంది. 150 దాటేసరికి కండలోని ప్రొటీన్లు ముడుచుకుపోయి నీటిని బయటికి పిండేస్తాయి. ఆ తర్వాత ఎంత సాస్ పోసినా ఆ రసం తిరిగి రాదు. కోసినప్పుడు కారే ఎర్రటి నీరు రక్తం అనుకుని కొందరు జంకుతారు. అది మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీరు.

ఈసారి ఇలా చేయండి. పూర్తి టెండర్‌లాయిన్ అడుగున్నర పైగా పొడవుంటుంది, మీ జాలీ మీద పట్టదు. కసాయి కౌంటర్‌లో మధ్య భాగం అడగండి, రెండు మూడు పౌండ్లు చాలు. మధ్య భాగం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే మందం ఉంటుంది కాబట్టి ఒక్క సెన్సర్‌తో చూసినా మోసపోం. తోక వైపు సన్నగా ఉన్న ముక్క తెస్తే సెన్సర్ ఒకటి చెబుతుంది, సన్నటి చివర ఇంకొకటి అవుతుంది. పైన వెండిలా మెరిసే పొర ఉంటే సన్నటి కత్తితో తీసేయండి, అది ఎంత కాల్చినా నమలబడదు. ముందురోజు రాత్రే ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. పైభాగం ఆరి ఉంటే తర్వాత రంగు బాగా పడుతుంది. ఒకటిన్నర అంగుళానికి ఒక ముడి చొప్పున నూలు దారంతో కట్టండి. గుండ్రంగా నిలిస్తే అన్ని వైపులా సమానంగా ఉడుకుతుంది.

థర్మామీటర్‌ను పై నుంచి కిందికి కాకుండా ముక్క ఒక చివరి నుంచి పొడవునా, సరిగ్గా మధ్యలోకి దించండి. సెన్సర్ ఉండేది మొన దగ్గర. ఆ మొన నడిబొడ్డున ఉండాలి. పిడికి దగ్గరగా ఒక గీత ఉంటుంది, అది మాంసంలోకి పూర్తిగా వెళ్లాలి. ఈ రకం థర్మామీటర్లలో లోపలి ఎలక్ట్రానిక్స్‌ను కాపాడేది మాంసంలోని తడే. గీత బయట మిగిలితే గ్రిల్ వేడి నేరుగా సర్క్యూట్‌కు తగులుతుంది.

గ్రిల్‌ను 225 నుంచి 250 ఫారెన్‌హీట్ మధ్య నిలపండి. 300 దగ్గర లోపలి వేడి చివర్లో చకచకా ఎగబాకుతుంది, మీరు పళ్లెం తెచ్చేలోపే దాటిపోతుంది. వేడి తక్కువైతే ఆ చివరి పది డిగ్రీలు నిదానంగా వస్తాయి. ఒక అలారం 105 దగ్గర, రెండోది 115 దగ్గర పెట్టండి. మొదటిది మోగితే గ్రిల్ దగ్గరికి వచ్చి నిలబడాలి. రెండోదానికి మాంసం బయటికి తీయాలి, మిగతా వేడి పైన ఎర్రగా కాల్చేటప్పుడు ఎక్కుతుంది.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. ఎర్రగా కాల్చే దశలో థర్మామీటర్ మాంసంలో ఉండకూడదు. ఉదాహరణకు మీటర్ (Meater) అనే బ్రాండ్ మొదటి తరం థర్మామీటర్‌కు మాంసంలో ఉండే భాగం 100 సెల్సియస్ వరకు, బయటి పిడి 275 సెల్సియస్ వరకు తట్టుకుంటాయి. పలక తీసేసి గాలి రంధ్రాలు బార్లా తెరిస్తే బొగ్గుల మీది జాలీ దగ్గర ఆ వేడి ఇట్టే దాటుతుంది. కొత్త మోడళ్లలో కొన్ని నేరుగా మంటను కూడా ఓర్చుకుంటాయి. మీ పెట్టె మీది అంకె చూసుకోండి. ఏదైనా ఈ దశలో కావలసింది పిడితో చేత్తో పట్టుకుని గుచ్చి చూసే థర్మామీటర్. కె-రకం థర్మోకపుల్ ఉన్నదైతే ఒకటి రెండు సెకన్లలో లెక్క చెబుతుంది. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడి చేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని జర్మనీకి చెందిన థామస్ సీబెక్ 1821లో గమనించాడు. దానికి కారణం అక్కడ పుట్టే విద్యుత్తేనని తర్వాత తేలింది. ఈ థర్మోకపుల్ పనిచేసేది ఆ సూత్రం మీదే. నన్నడిగితే ముందు కొనాల్సింది ఇది. యాప్‌లు, వైఫై డబ్బాలు ఆ తర్వాత.

మరో సూచన. 13 అంగుళాల గ్రిల్‌లో నిప్పుల మీంచి సలసల కాగే పలకను తీయడం చిన్న పని కాదు. తీస్తే మందపాటి గ్లౌజులు వేసుకుని, తీసిన దాన్ని ఇటుక మీదో రాతి మీదో పెట్టండి, చెక్క బల్ల మీద కాదు. గ్రిల్ బాగా కాగి ఉన్నప్పుడు మూతను ఒక్కసారిగా ఎత్తకండి. గాలి కోసం కాచుకున్న నిప్పు ఒక్క ఉదుటున పైకి లేచి చేతులు, కనుబొమలు కాలుస్తుంది. అంగుళమంత తెరిచి కొన్ని సెకన్లు ఆగి, తర్వాత ఎత్తండి. ఈ తతంగమంతా వద్దనుకుంటే మాంసం 115 దగ్గర తీసి వంటింట్లో ఇనుప పెనం మీద ఒక్కో వైపు నిమిషం చొప్పున దొర్లించండి. బొగ్గుల వాసన అప్పటికే పట్టి ఉంటుంది, రుచికి లోటు రాదు. 130 దగ్గర దించేయండి.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకె మాత్రం వేరు. కీమా కొట్టని పూర్తి ముక్కకు 145 ఫారెన్‌హీట్, ఆపైన 3 నిమిషాలు పక్కన ఉంచాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, వయసు పైబడినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తినేట్టయితే దాన్నే పాటించండి. అలాగే యంత్రపు సూదులతో గుచ్చి మెత్తబరిచిన మాంసం అయితే పైన ఉండే సూక్ష్మజీవులు లోపలికి చేరి ఉండొచ్చు. అలాంటి పొట్లం మీద ఆ సంగతి రాయాలని 2016 నుంచి అక్కడ నిబంధన ఉంది. కొనేటప్పుడు చదవండి.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి. గ్రిల్ మూత వేయగానే థర్మామీటర్ బ్లూటూత్ తెగిపోతోంది. ఫోన్ పది అడుగుల దూరంలోనే ఉంది. ఒక్కోసారి బాగానే ఉండి, ఫోన్ జేబులో పెట్టుకున్నాక పోతోంది.

జవాబు: మీవి రెండు వేర్వేరు సమస్యలు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. నీరు వాటిని బాగా పీల్చుకుంటుంది. మాంసంలో ఎక్కువ భాగం నీరే. యాంటెనా ఉన్న పిడి ఒక వైపు, మీ ఫోన్ ముక్కకు అవతలి వైపు ఉంటే సిగ్నల్ మాంసం గుండా, మందమైన సెరామిక్ గోడ గుండా, చుట్టూ ఉన్న ఇనుప పట్టీల పక్కనుంచి రావాలి. పిడి మీ వైపు తిరిగేలా ముక్కను పెట్టండి. ఛార్జర్ డబ్బాలో సిగ్నల్ పెంచే రిపీటర్ ఉన్న మోడలైతే ఆ డబ్బాను మీ పక్కన కాకుండా గ్రిల్‌కు దగ్గరగా, వేడి తగలని చోట ఉంచండి. చాలామంది దాన్ని ఫోన్ పక్కన పెట్టుకుంటారు, అప్పుడు దానివల్ల లాభం లేదు.

జేబులో పెట్టాక తెగిపోవడం ఫోన్ పని. ఆండ్రాయిడ్ అయితే ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇవ్వండి. ఆండ్రాయిడ్ 12, ఆపై వెర్షన్లలో సమీప పరికరాల అనుమతి, అంతకు ముందువాటిలో లొకేషన్ అనుమతి ఉండాలి. ఐఫోన్ అయితే యాప్‌ను పైకి తోసి మూసేయకండి, అలా మూస్తే అలారం మోగదు. ఇంట్లో పాత ట్యాబ్‌కు గతంలో ఈ థర్మామీటర్ జత చేసి ఉంటే అది ముందుగా లాక్కుని ఉండొచ్చు. దానిలో బ్లూటూత్ ఆపి చూడండి.

మీరుండేది అపార్ట్‌మెంట్ అయితే ఇంకో మాట. బొగ్గుల గ్రిల్‌ను ఇంట్లో, గ్యారేజీలో, కప్పు ఉన్న బాల్కనీలో వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. అపార్ట్‌మెంట్లలో మంటపట్టే కట్టడానికి 10 అడుగుల లోపు బొగ్గుల గ్రిల్ పెట్టకూడదని అక్కడ చాలాచోట్ల అగ్నిమాపక నిబంధన ఉంది.

ప్రశ్న: నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి. గాలిని తానే ఊదే ఫ్యాన్ కంట్రోలర్లు చూశాను. చిన్న గ్రిల్‌కు కొనడం దండగా?

జవాబు: టెండర్‌లాయిన్ కోసమే అయితే వద్దు. గంట, గంటన్నరలో అయిపోయే వంటకు అంత ఖర్చు అనవసరం. పన్నెండు గంటలు ఉడికే బ్రిస్కెట్‌కో, పోర్క్ షోల్డర్‌కో రాత్రంతా కాపలా కాసే పని తప్పుతుంది, అక్కడ దాని విలువ తెలుస్తుంది.

ఇవి పీఐడీ లెక్కతో పనిచేస్తాయి. కావలసిన వేడికి, ఉన్న వేడికి తేడా ఎంత, ఆ తేడా ఎంతసేపటిగా ఉంది, ఎంత వేగంగా మారుతోంది అనే మూడింటినీ కలిపి ఫ్యాన్ ఎంత తిరగాలో నిర్ణయిస్తుంది. కానీ దాని చేతిలో ఉన్నది గాలి పెంచడం, ఆపడం మాత్రమే. చల్లబరచడం దానివల్ల కాదు. సెరామిక్ గోడలు ఒకసారి వేడిని మింగాక ఇటుక బట్టీలా పట్టుకుని కూర్చుంటాయి. చిన్న గ్రిల్‌లో బొగ్గూ తక్కువ, చోటూ తక్కువ, అందుకే గీత దాటడం ఇట్టే జరుగుతుంది. కాబట్టి ఒకే చోట నిప్పు అంటించి, 250 కావాలంటే 200 దగ్గర నుంచే గాలి రంధ్రాలు మూస్తూ రావాలి. పై రంధ్రం దాదాపు మూసి ఉంచాలి. బార్లా తెరిచి ఉంటే ఫ్యాన్ ఆగినా సహజంగా గాలి లాగుతూనే ఉంటుంది. కొనేట్టయితే మూత తీసినప్పుడు ఫ్యాన్ తనంతట ఆగే సదుపాయం ఉందేమో చూడండి. లేకపోతే మూత తీయగానే వేడి పడిపోయిందనుకుని అది గట్టిగా ఊదుతుంది, మూసేసరికి 350. వైఫై ఉన్న మోడళ్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కే కావాలి. మీ మెష్ రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటినీ ఒకే పేరుతో కలిపేస్తే సెటప్ మధ్యలో ఆగిపోవచ్చు. 2.4కే విడిగా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి కలపండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి. అన్నయ్య అమెరికా నుంచి ఇలాంటి థర్మామీటర్ తెచ్చాడు. మరిగే నీళ్లలో పెడితే 98 సెల్సియస్ చూపిస్తోంది, 100 రావడం లేదు. మేక తొడకు యాప్‌లోని బీఫ్ సెట్టింగ్ వాడొచ్చా?

జవాబు: మీది సరిగ్గానే చూపిస్తోంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ నీళ్లు మరిగేదే 98 సెల్సియస్ దగ్గర. అదే ఇంకా ఎత్తున ఉన్న అమెరికా నగరం డెన్వర్‌లో అయితే 95 దగ్గరే మరుగుతాయి. ఎత్తుతో పేచీ లేని పరీక్ష కావాలంటే గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి కొద్దిగా నీళ్లు పోసి, కలిపి, నిమిషం తర్వాత మొన మధ్యలో ఉంచండి. సున్నా రావాలి.

బీఫ్ సెట్టింగ్ మాత్రం వాడకండి. అది 55 దగ్గరే అయిపోయిందంటుంది. మేక తొడ బాగా పనిచేసే కండ, దానిలో కొలాజెన్ ఎక్కువ. అది కరిగి మెత్తబడాలంటే 70 సెల్సియస్ దాటాలి, 90 దాటాక గానీ ఎముక నుంచి విడిపోదు. యాప్‌లో సొంత ఉష్ణోగ్రత పెట్టుకునే చోట 92 అని ఇచ్చి, మధ్యలో నీళ్లు చిలకరిస్తూ, మందపాటి రేకులో చుట్టి ఉడకనివ్వండి. మొన ఎముకకు ఆనకుండా చూసుకోండి. ఆనితే అది చెప్పేది మాంసం వేడి కాదు.