గల్లా పెట్టె దగ్గర ఎవరు కూర్చున్నారు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. నాన్న చాలా ఏళ్లుగా ఇక్కడ చెన్నైలో, రెడ్ హిల్స్ దగ్గర ఇనుము, సిమెంటు కొట్టు నడుపుతున్నారు. నేను మెకానికల్ చివరి సంవత్సరం. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో టాటా స్టీల్ ఉంది. “కుటుంబం పెట్టిన కంపెనీలో గల్లా పెట్టె దగ్గర ఇంటివాళ్లే కూర్చుంటారు, బయటివాడు ఎంత చేసినా గుమాస్తాయే. ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో చేరు” అంటున్నారు నాన్న. ఇంటర్వ్యూకి కంపెనీ చరిత్ర చదవమంటున్నారు సీనియర్లు. వందేళ్ల నాటి సంగతులు నాకెందుకు?

జవాబు: మీ నాన్న సందేహానికి జవాబు నువ్వు ఎందుకంటున్న ఆ చరిత్రలోనే ఉంది బాబూ. ఆయన కొట్టు నడిపిన మనిషి, అనుభవంతో అన్న మాట. కొట్టిపారేయకు, సరిచూడు.

ఈ కంపెనీ ఆలోచన జంషెడ్‌జీ టాటాది. ఆయన 1904లో పోయారు. కంపెనీ రిజిస్టరైంది 1907లో, కొడుకు దొరాబ్జీ చేతుల మీదుగా. లండన్‌లో పెట్టుబడి పుట్టకపోయేసరికి బొంబాయిలో షేర్లు అమ్మకానికి పెట్టారు. మూడు వారాల్లో దాదాపు 8 వేల మంది కొనేశారు. అంటే పుట్టుకతోనే అందులో బయటివాళ్ల డబ్బుంది. ఇవాళ టాటా గ్రూపు మాతృసంస్థ టాటా సన్స్ వాటా సుమారు మూడో వంతే. ఆ టాటా సన్స్‌లోనూ మూడింట రెండు వంతులు దాతృత్వ ట్రస్టులవి.

ఇక కుర్చీ సంగతి. ఛైర్మన్ కుర్చీ వరకూ మీ నాన్న మాట చాలాకాలం నిజమే. జేఆర్‌డీ టాటా 1938 నుంచి 1984 దాకా కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన రూసీ మోదీ టాటా కాదు, 1939లో చేరి కింది నుంచి ఎదిగినాయన. 1993లో మళ్లీ రతన్ టాటా. కానీ ప్లాంటు నడిపే ఎండీ కుర్చీ చూడు. 1992లో జె.జె. ఇరానీ, మెటలర్జిస్టు, అంటే లోహశాస్త్రం చదివినాయన. 2001లో బి. ముత్తురామన్, మన మద్రాసు ఐఐటీలో మెటలర్జీ చదివి 1966లో ట్రైనీగా చేరినాయన. ఇప్పుడున్న టి.వి. నరేంద్రన్ తిరుచ్చి ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) మెకానికల్ చేసి, కలకత్తా ఐఐఎంలో చదివి, 1988లో చేరారు. నీ బ్రాంచే! ఈ పేర్లు ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి కాదు, ఇంట్లో మీ నాన్న ముందు పెట్టడానికి.

ఇంటర్వ్యూకి పనికొచ్చేది వేరే ఉంది. ఖనిజం కోసం వెతికిన కథ. సి.ఎం. వెల్డ్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్తను పిలిపించారు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ, రాజ్‌హరా కొండల మీద ఆయన నడుస్తుంటే కాలి కింద నేల ఖంగున మోగిందని చెబుతారు. సరుకు అంత మేలైనది. అయినా అక్కడ ఫ్యాక్టరీ పెట్టలేదు. తగిన దూరంలో ఉక్కు కొలిమికి పనికొచ్చే కోక్ బొగ్గూ, సరిపడా నీళ్లూ దొరకలేదు. మీ నాన్నకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, లారీ కిరాయి లాభాన్ని ఎలా మింగేస్తుందో ఆయనకి తెలుసు. ఇవాళ్టి పద్ధతిలో కూడా బ్లాస్ట్ ఫర్నేసు (బొగ్గుతో ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి) దారిలో టన్ను ఉక్కు తీయాలంటే సుమారు టన్నున్నర ఖనిజం, ముప్పావు టన్ను బొగ్గు మోసుకురావాలి. ఆ కొండల ఖనిజం తర్వాత భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీకి పనికొచ్చింది.

జంషెడ్‌జీ పోయిన 1904లోనే పి.ఎన్. బోస్ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆయన జియలాజికల్ సర్వేలో పనిచేసి, ఇప్పటి ఒడిశాలోని మయూర్‌భంజ్ సంస్థానంలో కుదురుకున్నారు. గోరుమహిసాని కొండల్లో మంచి ఇనుప ఖనిజం ఉంది, ఝరియా బొగ్గు దగ్గర అని దాని సారాంశం. చివరికి సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసేచోట సాక్చి అనే పల్లె తేలింది. 1912 ఫిబ్రవరిలో అక్కడ మొదటి ఉక్కు దిమ్మ తీశారు. 1919లో ఆ ఊరే జంషెడ్‌పూర్ అయింది. “ఫలానా చోటే ఎందుకు” అనే ప్రశ్న ఇంజనీరుది. ప్యానెల్‌లో కూర్చునే పెద్దలకి ఇలాంటి మాట నచ్చుతుంది. రైల్వే బోర్డు అధికారి అప్‌కాట్ “వాళ్లు పట్టాలు చేస్తే తినేస్తా” అన్న కథ మాత్రం చెప్పకు. వచ్చిన ప్రతి కుర్రాడూ అదే చెబుతాడు, విని విని వాళ్లకి విసుగొచ్చి ఉంటుంది.

కష్టకాలంలో ఎవరు ఏం చేశారో కూడా చదువు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు పడిపోయి 1924లో జీతాలకే కటకట వచ్చింది. దొరాబ్జీ సొంత ఆస్తినీ, భార్య మెహర్‌బాయి జూబిలీ వజ్రంతో సహా నగలనీ ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టారు. ఆ ఏడాదే ప్రభుత్వం ఉక్కుకి రక్షణ సుంకం చట్టం తెచ్చింది, అంటే దిగుమతి సరుకు మీద పన్ను వేసి ఇక్కడి ఉక్కుని కాపాడటం. 1912లోనే 8 గంటల పని పెట్టారన్నది గొప్పే. కానీ 1920లోనూ 1928లోనూ అదే కార్మికులు సమ్మె కట్టారు, సుభాష్ చంద్రబోస్ వచ్చి సంఘానికి నాయకత్వం వహించారు. 2006 జనవరిలో ఒడిశా కళింగనగర్‌లో, టాటా స్టీల్ కొత్త ప్లాంటు స్థలం దగ్గర నిరసన మీద పోలీసులు కాల్పులు జరిపితే పది మందికి పైగా ఆదివాసీలు చనిపోయారు. మంచి ఒక్కటే చదివి వెళ్తే, ఎవరైనా రెండో వైపు అడిగితే నోరు పెగలదు.

ఇక నేను భయపెట్టాల్సిన చోటు ఒకటుంది. 1990ల మొదట్లో 70 వేలకు పైగా ఉన్న ఉద్యోగుల్ని తర్వాతి పదేళ్లలో 50 వేల లోపుకి తెచ్చారు. చాలామంది పరిహారం తీసుకుని స్వచ్ఛందంగా వెళ్లారు. 2007లో కోరస్ అనే యూరప్ ఉక్కు కంపెనీని కొని బ్రిటన్‌లోనూ ప్లాంట్లు నడిపారు. అక్కడి వేల్స్‌లో ఉన్న పోర్ట్ టాల్బట్‌లో ఆఖరి బ్లాస్ట్ ఫర్నేసుని 2024 సెప్టెంబరు 30న ఆపేశారు. ఆ మార్పుల్లో 2,800 దాకా ఉద్యోగాలు పోతాయని ముందే ప్రకటించారు. కాబట్టి మీ నాన్న అడగాల్సింది ఇంటివాళ్ల సంగతి కాదు, కొలిమి సంగతి. బొగ్గు కొలిమి ఎన్నాళ్లు వెలుగుతుంది, దాని స్థానంలో ఏమొస్తుంది అని. జంషెడ్‌పూర్ ‘ఇ’ బ్లాస్ట్ ఫర్నేసులోకి బొగ్గు వాడకం తగ్గించడానికి 2023లో ప్రయోగంగా హైడ్రోజన్ పంపారు. దాని గురించి చదువుకో.

నా అభిప్రాయం అడిగితే, మెషీన్ల మధ్య పని ఇష్టమైతే ఇంటర్వ్యూకి వెళ్లు. షిఫ్టులూ వేడీ దుమ్మూ పడవనుకుంటే, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడంలో తప్పేం లేదు.

వెళ్లేముందు ఒక పూట కొట్టులో కూర్చో. ఇనుప కడ్డీ మీద అచ్చొత్తిన ‘ఎఫ్‌ఈ 500డి’ అనే గ్రేడులో 500 ఏమిటో, డి ఏమిటో, మేస్త్రీ దాన్నే ఎందుకు అడుగుతాడో మీ నాన్నని అడుగు. కాలేజీ ల్యాబ్‌లో ఒక కడ్డీ ముక్క చివర నున్నగా అరగదీసి ఆమ్లం రాస్తే అంచున ముదురు వలయం తేలుతుంది. మిల్లు నుంచి ఎర్రగా వస్తున్న కడ్డీ మీద నీళ్లు జల్లితే పైపొర గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోయిన గుర్తది. ఫోటో తీసి దగ్గర పెట్టుకో. ప్యానెల్ చివర్లో “నువ్వేమైనా అడుగుతావా?” అంటారు. మొదటి రెండేళ్లు ట్రైనీని ప్లాంటులో ఏ ఏ విభాగాల్లో తిప్పుతారో, కరెంటుతో నడిచే ఎలక్ట్రిక్ ఫర్నేసుల వైపు వెళ్లడానికి లోపలివాళ్లకి శిక్షణ ఉందో లేదో అడుగు. వాళ్లు చెప్పింది రాసుకుని మీ నాన్నకి చూపించు.