రోరీ గాలహర్ తొలి సోలో ఆల్బమ్ (1971) సౌండ్ నిజంగానే పల్చగా ఉందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "ఐరిష్ టూర్ 74 అనే లైవ్ ఆల్బమ్ విని ఐరిష్ బ్లూస్-రాక్ గిటారిస్ట్ రోరీ గాలహర్‌కి అభిమానినయ్యాను. తర్వాత 1971 నాటి తొలి సోలో ఆల్బమ్ పెడితే గిటార్ పల్చగా, పొడిగా వినిపించింది. వైజాగ్‌లో మా గిటార్ మిత్రుల్లో సగం మంది అతని రికార్డుల్లో ఇదే మేటి అంటారు, మిగతా సగం డెమో టేపులా ఉందంటారు. ఎవరి మాట నమ్మాలి? నా దగ్గరున్న స్ట్రాట్ కాపీ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌కి నకలు), చిన్న మోడలింగ్ ఆంప్‌ (రకరకాల ఆంప్‌ల సౌండ్‌ని అనుకరించేది)తో ఆ సౌండ్ వస్తుందా?"

రెండు వర్గాలూ ఒకే లక్షణం గురించి మాట్లాడుతున్నాయి. ఆల్బమ్ పొడిగానే ఉంటుంది. ఎకో, రివర్బ్ చాలా తక్కువ. డ్రమ్స్ చిన్న గదిలో వాయించినట్టుంటాయి, గిటార్ మన ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంటుంది. ఐరిష్ టూర్‌తో పోల్చి వింటే ఎవరికైనా నిరాశే. అది 1974 జనవరిలో ఐర్లండ్ హాళ్లలో, జనం మధ్య, కీబోర్డుతో కలిపి నలుగురి బృందం వాయించినది. ఇది లండన్‌లోని అడ్విజన్ స్టూడియోలో ప్రధానంగా ముగ్గురు చేసినది: గిటార్, పాట రోరీ, బాస్ గెరీ మెకవోయ్, డ్రమ్స్ విల్గర్ క్యాంప్‌బెల్. ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్. నిర్మాత కూడా రోరీయే కాబట్టి సౌండ్ అలా ఉండటం ఎవరో పైనుంచి రుద్దిన పని కాదు. రోరీ అంతకుముందు వాయించిన టేస్ట్ బృందం 1970 చివర్లో విడిపోయింది, ఈ ఆల్బమ్ 1971 మేలో వచ్చింది. అప్పటికి అతనికి 23 ఏళ్లు.

నా మాట అడిగితే, దీన్ని లీడ్ గిటార్ రికార్డుగా వింటే ఐదు మార్కులు, పాటల రికార్డుగా వింటే తొమ్మిది. పాటలు రాయగలనని, బృందం పేరు లేకుండా నిలబడగలనని చూపించుకోవడానికి చేసిన పని ఇది. గిటార్ సోలోల కోసం వెతికేవాళ్లు ఇందులోని అసలు సంగతిని దాటుకుని వెళ్లిపోతారు.

ముందు ఒక పని చేయండి. ఫోన్ స్పీకర్ మీద గానీ, బాస్ పెంచి అమ్మే చవక బ్లూటూత్ డబ్బా మీద గానీ విన్నదాన్ని లెక్కలోంచి తీసేయండి. ఈ ఆల్బమ్‌లో చాలా చోట్ల రెండో గిటార్ లేదు. రోరీ సోలోకి వెళ్లగానే కింద ఖాళీని నింపేది మెకవోయ్ బాసే. ఫోన్ స్పీకర్‌లో ఆ కింది స్వరాలు దాదాపు వినిపించవు, అందుకే పల్చన అనిపిస్తుంది. బ్లూటూత్ డబ్బాలో బాస్ ఉబ్బిపోయి డ్రమ్స్‌ని కప్పేస్తుంది. మామూలు వైరు హెడ్‌ఫోన్‌లు పెట్టుకుని, ఈక్వలైజర్ ఆపి, 'హ్యాండ్స్ అప్' వినండి. సోలో దగ్గర బాస్ ఏం చేస్తోందో పట్టుకున్నారంటే డెమో టేపన్న మాట మీ నోట రాదు.

ఇంకో తేడా ఎడిషన్లది. 2021లో 50 ఏళ్ల సందర్భంగా వచ్చిన సెట్‌లో కొత్త మిక్స్ (విడివిడిగా రికార్డైన వాయిద్యాలను మళ్లీ కలిపినది) ఉంది. 1971 మిక్స్‌తో పోలిస్తే వాయిద్యాల మధ్య ఎడం వేరు, వాటి సౌండ్ స్థాయి వేరు. మీ మిత్రుల్లో రెండు వర్గాలూ వేర్వేరు ఎడిషన్లు విని వాదించుకుంటూ ఉండొచ్చు. చివర్లో 'జిప్సీ ఉమన్', 'ఇట్ టేక్స్ టైమ్' అనే రెండు బ్లూస్ పాటలు కనిపిస్తే అవి తర్వాత చేర్చినవి. మొదటి రికార్డులో ఉన్నవి పది పాటలే.

వినే క్రమం కూడా ముఖ్యమే. 'లాండ్రోమాట్' మొదటి పాట గనక అందరూ దాంతోనే తీర్పు ఇచ్చేస్తారు. అది బిగువైన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బాణీ) మీద నడిచే పాట, స్టూడియోలో కాస్త ఒద్దికగానే ఉంటుంది. అదే పాట 1972 నాటి 'లైవ్ ఇన్ యూరప్'లో ఉంది, పక్కపక్కన పెట్టి వినండి. స్వరాలు అవే, నడక అదే. లైవ్‌లో ఆంప్‌ని ఎక్కువ తోశాడు, గదికి బదులు హాలు ఉంది. "పల్చన" అనే ఫిర్యాదులో ఎంత భాగం వాయింపుది, ఎంత భాగం రికార్డింగ్‌ది అన్నది ఈ ఒక్క పోలికతో తేలిపోతుంది.

ఆ తర్వాత నేరుగా 'ఐ ఫాల్ అపార్ట్'. ఆల్బమ్‌కి గుండెకాయ ఇదే. జాజ్ ఛాయ ఉన్న మెత్తని కార్డులతో మొదలై, గొంతు పెంచకుండా నడిచి, చివర్లో గిటార్ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. మెత్తదనం నుంచి ఆ గట్టిదనం వరకు వెళ్లే దారంతా వేళ్లలోనూ గిటార్ వాల్యూమ్ నాబ్‌లోనూ ఉంది. గిటార్ నేర్చుకునేవాళ్లు పది పాటల్లో ఒక్కటే సాధన చేయాలంటే నేను దీన్నే చెబుతాను. 'జస్ట్ ద స్మైల్' అకూస్టిక్ పాట, బ్రిటిష్ జానపద బాణీ. బ్లూస్ మాత్రమే కావాలనుకునేవాళ్లు దీన్ని దాటేస్తారు, అది అన్యాయం. 'వేవ్ మైసెల్ఫ్ గుడ్‌బై', 'ఐమ్ నాట్ సర్‌ప్రైజ్డ్' పాటల్లో పియానో అటామిక్ రూస్టర్ బృందానికి చెందిన విన్సెంట్ క్రేన్‌ది. 'ఇట్స్ యూ' మూడు నిమిషాలు కూడా లేని కంట్రీ పాట, బాగానే ఉంటుంది. చివరి 'కాంట్ బిలీవ్ ఇట్స్ ట్రూ' ఏడు నిమిషాలు దాటుతుంది, అందులో సాక్సోఫోన్ వాయించింది కూడా రోరీయే. ఆ పాట నిడివి ఎక్కువైందనే విమర్శతో నేను ఏకీభవిస్తాను.

ఇక సౌండ్ విషయం. ఆ కాలంలో అతని సరంజామా చాలా చిన్నది: 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్, వాక్స్ ఏసీ30 ఆంప్, మధ్యలో డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్. రేంజ్‌మాస్టర్‌లో ఉండేది ఒకే ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. లోపలికి వచ్చే దారిలో 0.005 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, అది కింది స్వరాలను తగ్గించి పైవాటిని మాత్రమే బాగా పెంచుతుంది. అప్పటికే సౌండ్ గరుకెక్కే అంచున ఉన్న వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్‌లోకి అది వెళ్లినప్పుడు బాస్ బురదగా మారకుండా, ప్రతి తీగా విడివిడిగా వినిపిస్తూ గరుకుగా పలుకుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ట్రెబుల్ బూస్టర్ పెడల్ కొని, క్లీన్‌గా పెట్టిన చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్‌లోకి పెడతారు. కీచుమంటుంది. పెడల్ బాగోలేదని అమ్మేస్తారు. ఆ పెడల్‌కి సొంత గరుకుదనం తక్కువ, ఆంప్‌ని తోయడమే దాని పని. మీ మోడలింగ్ ఆంప్‌లో ఏసీ30 మోడల్ ఎంచుకోండి. రెండు రకాలుంటే టాప్ బూస్ట్ కాకుండా నార్మల్ తీసుకోండి. ముందు పెడల్ లేకుండా, గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, గట్టిగా మీటితేనే గరుకు వచ్చేంత వరకు గెయిన్ పెంచండి. సాధారణంగా 5, 6 మధ్య ఆగుతుంది. రివర్బ్ సున్నా. అప్పుడు ట్రెబుల్ బూస్టర్ ఆన్ చేసి, ఆంప్ ట్రెబుల్‌ని సగానికి దించండి. అయినా పల్చగా ఉంటే బూస్టర్‌లో ఆ 0.005 కెపాసిటర్ స్థానంలో 0.01 వేయించండి, చిన్న స్పీకర్లకి అదే నప్పుతుంది.

బూస్టర్ గిటార్‌కి నేరుగా తగలాలి. మధ్యలో ట్యూనర్ పెడల్ గానీ, వైర్‌లెస్ గానీ, ఇంకే బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) గానీ ఉండకూడదు. ఉంటే గిటార్ వాల్యూమ్ 6కి దించినప్పుడు సౌండ్ శుభ్రపడే గుణం పోతుంది. 'ఐ ఫాల్ అపార్ట్' మొత్తం ఆ గుణం మీదే నిలబడి ఉంది. వాల్యూమ్ 4 దగ్గర మొదలుపెట్టి చివరికి 10కి వెళ్లాలి, పెడల్‌ని తొక్కే అవసరమే రాకూడదు.

వైజాగ్‌లో జెర్మేనియంతో ప్రత్యేకమైన చిక్కు ఉంది, వేడి. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ కరెంటు (సిగ్నల్ లేకున్నా కారిపోయే కరెంటు) దాదాపు ప్రతి 10 డిగ్రీలకీ రెట్టింపవుతుంది. 20 డిగ్రీల గదిలో సరిచేసిన పెడల్, మే నెలలో ఫ్యాను కింద 34 డిగ్రీల గదిలో వేరే పెడల్‌లా పలుకుతుంది. సౌండ్ నొక్కుకుపోతుంది, సన్నగా మీటితే తెగిపోతుంది. ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లుంటాయి: ఎమిటర్, బేస్, కలెక్టర్. కలెక్టర్ దగ్గర వోల్టేజీ 7 వోల్టుల దగ్గర ఉండాలి. వేడికి అది 5కో అంతకంటే కిందకో జారుతుంది. అందుకని ఆ వోల్టేజీని నిర్ణయించే బయాస్ రెసిస్టర్ స్థానంలో చిన్న ట్రిమ్‌పాట్ (తిప్పి సరిచేసుకునే రెసిస్టర్) పెట్టించుకుని, మీరు వాయించే గదిలో, మీరు వాయించే వేళలో సరిచేసుకోవాలి. ఏసీ గదిలో సరిచేసి, డాబా మీద కచేరీకి పట్టుకెళ్తే మళ్లీ తప్పుతుంది. ఈ బాధ వద్దనుకుంటే సిలికాన్ ట్రాన్సిస్టర్‌తో చేసిన బూస్టర్ తీసుకోండి. వేడిని పెద్దగా పట్టించుకోదు. పైస్వరాలు కాస్త గుచ్చుతాయి, బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య 47 పికోఫారడ్ కెపాసిటర్ వేస్తే ఆ పదును తగ్గుతుంది.

సొంతంగా కట్టేవాళ్లకి ఒక సంగతి. రేంజ్‌మాస్టర్‌లో అసలు వాడింది ఓసీ44. అది దొరక్కపోతే పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లోంచి తీసిన ఏసీ128 పనికొస్తుంది. పాత రేడియో మెకానిక్‌ల సొరుగుల్లో ఇవి ఇంకా ఉంటాయి. పక్కనే ఏసీ127 కూడా ఉంటుంది, పొరపడకండి. 128 పీఎన్‌పీ, 127 ఎన్‌పీఎన్. మల్టీమీటర్‌లోని హెచ్‌ఎఫ్‌ఈ (ట్రాన్సిస్టర్ గెయిన్ కొలిచే) సాకెట్ చూపించే అంకెను నమ్మొద్దు, అది లీకేజీని కూడా గెయిన్‌గా లెక్కేస్తుంది. బేస్‌ని వదిలేసి, ఎమిటర్‌ని 9 వోల్టుల పాజిటివ్‌కి, కలెక్టర్‌ని 2.2 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా నెగటివ్‌కి కలపండి. రెసిస్టర్ మీద 0.44 వోల్టులు కనిపిస్తే లీకేజీ 200 మైక్రోఆంపియర్లు, పర్వాలేదు. 0.66 దాటితే పక్కన పెట్టండి. వేళ్లతో పట్టుకున్నాక ఒకటి రెండు నిమిషాలు ఆగి కొలవండి, ఒంటి వేడికే అంకె పెరుగుతుంది.

ఇంకొకటి: పీఎన్‌పీ రేంజ్‌మాస్టర్ సర్క్యూట్ పాజిటివ్ గ్రౌండ్, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపే గ్రౌండ్‌కి కలుస్తుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ చైన్‌లో పెడితే షార్ట్ అవుతుంది. విడిగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. ఇది లాగే కరెంటు ఒక మిల్లీఆంపియర్ కూడా ఉండదు. వాయించడం అయ్యాక జాక్ తీసేస్తే నెలలు వస్తుంది.

ట్రెబుల్ బూస్టర్ ఆన్ చేయగానే "జుయ్" మని మోత మొదలైతే పెడల్‌ని తిట్టకండి. స్ట్రాట్ పికప్‌లు సింగిల్ కాయిల్, గదిలో ఉన్న ప్రతి విద్యుత్ అలజడినీ లాగుతాయి, బూస్టర్ దాన్ని పెంచుతుంది. ముందు ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ని ఫుల్‌కి తిప్పండి, లేదా కాసేపు ఆపండి. తర్వాత ఎల్‌ఈడీ ట్యూబులు, ల్యాప్‌టాప్ ఛార్జర్. ఆ తర్వాత ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది. మోత తగ్గుతుందని ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

సముద్రానికి దగ్గరగా, లాసన్స్ బే, పెద్ద వాల్తేరు వైపు ఉంటే తీగల సంగతి కూడా చూడాలి. ఉప్పుగాలికి, చెమటకి మామూలు నికెల్ తీగలు త్వరగా మందగిస్తాయి. మందగించిన తీగ మీద ఈ ఆల్బమ్‌లోని మెరుపు రాదు, మీరు ట్రెబుల్ పెంచుతారు, మళ్లీ కీచు మొదలవుతుంది. పూత ఉన్న 10-46 సెట్ (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళాలు) వేసి, వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగల కిందవైపు కూడా తుడవండి. నాబ్ తిప్పితే గరగరమంటే నాబ్ కింది పాట్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, చివరి నుంచి చివరికి పదిహేను ఇరవైసార్లు తిప్పండి. వాల్యూమ్ నాబ్ మీద ఆధారపడే శైలికి ఆ గరగర అస్సలు పనికిరాదు.

ఆఖరుగా 'సిన్నర్ బాయ్', ఆల్బమ్‌లో స్లైడ్ గిటార్ కోసం వెతికేవాళ్లకి. స్లైడ్ సాధనకి ఓపెన్ జీ ట్యూనింగ్‌తో మొదలుపెట్టండి: ఆరో తీగ డీకి, ఐదోది జీకి, ఒకటోది డీకి దించాలి, మిగతా మూడూ అలాగే ఉంటాయి. ఇంకో స్వరం పైన కావాలంటే తీగలు బిగించి ఓపెన్ ఏ చేయొద్దు. తుప్పు పట్టిన తీగ అయితే తెగుతుంది, నెక్ మీద లాగుడు కూడా పెరుగుతుంది. ఓపెన్ జీలోనే ఉంచి రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) పెట్టండి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు మామూలుగా పెట్టే 1.6 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటే స్లైడ్ ఫ్రెట్లకి టకటకా కొట్టుకుంటుంది. 2 నుంచి 2.4 వరకు లేపండి. స్లైడ్ సరిగ్గా ఫ్రెట్ తీగె మీద ఉండాలి, దాని వెనక కాదు. స్లైడ్‌కి వెనకనున్న వేళ్లు తీగలను మెత్తగా తాకుతూ ఉండాలి, లేకపోతే అటువైపు తీగ కూడా మోగి అపస్వరం కలుస్తుంది.